మొదటి అంతస్తులో డెంటల్ క్లినిక్: బోర్డు ఎంత, ఎక్కడ, ఏం రాయించాలి

డాక్టర్ గారూ, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో పెడతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. బీడీఎస్ అయ్యాక కొన్నాళ్లు ఇంకొకరి దగ్గర పనిచేసి, ఇప్పుడు అనంతపురం సాయినగర్‌లో సొంత క్లినిక్ పెడుతున్నారు. కింద మెడికల్ షాపు, పైన మొదటి అంతస్తు మీది. ముందు గోడ 12 అడుగులు, పడమర ముఖం. ఒకాయన ఫ్లెక్సీతో, లోపల లైటు వెలిగే 12×4 గ్లో సైన్ బోర్డు అన్నాడు. ఇంకొకాయన ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) మీద లైట్లున్న త్రీడీ అక్షరాలు అన్నాడు, రేటు దాదాపు మూడింతలు. ఏది మేలు, ఏమేం రాయించాలి, కింద మెడికల్ షాపాయన తన బోర్డు పక్కనే మీది కూడా ఒకటి పెట్టుకోమంటున్నాడు, పెట్టొచ్చా. ఇవీ మీరు అడిగినవి.

నేను ఈ ఊళ్లోనే బోర్డుల పని చేస్తాను. ఎనామిల్ డబ్బా, కుంచె పట్టుకుని గోడల మీద రాసిన రోజుల నుంచి ఇప్పుడు మెషీనుతో అక్షరాలు కోసే రూటర్ కటింగ్ వరకు చూసినవాణ్ని. ఆసుపత్రుల బోర్డులే ఎక్కువ చేశాను, ఎందుకంటే సాయినగర్‌లో ఉన్నవి అవే.

చివరి ప్రశ్నకే ముందు జవాబు. మెడికల్ షాపు మీద మీ బోర్డు పెట్టకండి. డెంటల్ కౌన్సిల్ 2014లో తెచ్చిన సవరించిన నీతి నియమావళిలో ఈ మాట నేరుగానే ఉంది. మందుల షాపు మీదగానీ, తాను ఉండని, పనిచేయని చోటగానీ డాక్టరు బోర్డు తగిలించడం తగదు. ‘నేను అదే బిల్డింగులో పైన ఉన్నాను కదా’ అని మీరు వాదించొచ్చు. కానీ షట్టర్ పైన ఆయన షాపు పేరు, మీ పేరు పక్కపక్కన కనబడితే మీ ఇద్దరి మధ్య ఏదో లెక్క ఉందనే జనం అనుకుంటారు. మెట్ల మొదట్లో వేరే గోడ ఉందన్నారు. బిల్డింగ్ ఓనర్‌తో మాట్లాడి ఆ గోడ తీసుకోండి. అద్దె అగ్రిమెంటులోనే బోర్డు జాగా రాయించుకోండి: ముందు గోడలో ఎంత మేర, మెట్ల దగ్గర ఎంత, రోడ్డు వైపు పొడుచుకొచ్చే సైడ్ బోర్డుకు ఒప్పుకున్నారా లేదా. నోటిమాట మీద నడిచిపోతే, రేపు కింద షాపాయన తన బోర్డు రెండడుగులు ఎత్తు పెంచి మీది సగం మూసేస్తాడు. అప్పుడు ఓనర్ ‘మీరూ మీరూ చూసుకోండి’ అంటాడు. ఈ తగాదాలకు మా షాపులోనే పంచాయితీలు జరిగాయి.

ఇక సైజు. మీ డాక్టర్లకు ఈ విషయంలో నియమం ఉందని చాలామంది డాక్టర్లకే తెలియదు. 1976 నాటి దంతవైద్యుల నీతి నియమాల్లో కొలత కూడా ఇచ్చారు: 0.9 మీటరు × 0.6 మీటరు, అంటే మూడడుగులు × రెండడుగులు. దానికి మించిన బోర్డు వద్దన్నారు. వెలిగి ఆరే లైట్లు వద్దన్నారు. ‘నొప్పి లేకుండా పన్ను తీయబడును’ లాంటి రాతలు కూడా వద్దని పేరు పెట్టి మరీ చెప్పారు. ఇప్పటికీ కొన్ని పాత బోర్డుల మీద ఆ మాట నిక్షేపంగా ఉంది, అది వేరే సంగతి. తర్వాత వచ్చిన 2014 నియమావళి మాత్రం ‘అసాధారణంగా పెద్ద’ బోర్డు వద్దని మాత్రమే అంటుంది. బోర్డు మీద ఉండాల్సింది డాక్టరు పేరు, యూనివర్సిటీ నుంచిగానీ చట్టబద్ధమైన సంస్థ నుంచిగానీ పొందిన డిగ్రీ, స్పెషాలిటీ, ఏ రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టరైతే ఆ కౌన్సిల్ పేరుతో సహా రిజిస్ట్రేషన్ నంబరు. 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం వచ్చింది కాబట్టి నియమాలు మళ్లీ మారొచ్చు. ఏది మారినా పేరు, డిగ్రీ, నంబరు ఉన్న బోర్డుకు ఇబ్బంది రాదు. వారాంతపు ఇంప్లాంట్ కోర్సు సర్టిఫికెట్లను డిగ్రీల వరసలో కలిపి రాయించమని వచ్చేవాళ్లుంటారు. అలాంటివి మీరు రాయించకండి.

12×4 అంటే 48 చదరపు అడుగులు. పాత కొలత 6 చదరపు అడుగులు. ఎనిమిదింతలు. ‘సందు మొత్తం అలాంటివే ఉన్నాయి కదా’ అంటారు. ఉన్నాయి, నేనే కట్టాను కొన్ని. కానీ సందు మొత్తం 12×4 బోర్డులు ఉన్నచోట ఇంకో 12×4 బోర్డు ఎవరి కంటా పడదు. నా మాట వింటే ముందు గోడకు 6×2½ చాలు. మిగిలిన డబ్బు పేషెంటు తికమకపడే చోట పెట్టండి.

ఎక్కడ తికమకపడతాడు? పంటినొప్పితో వచ్చే మనిషి బోర్డులు చూసుకుంటూ డాక్టర్ని వెతుక్కోడు. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో బస్సు దిగి, ‘సాయినగర్, ఫలానా సందు, మెడికల్ షాపు పైన’ అని ఎవరో చెప్పినమాట పట్టుకుని ఆటోలో వస్తాడు. దవడ వాచి ఉంటుంది, రాత్రి నిద్ర ఉండదు. ఆటో సందు మొదట్లో ఆపేస్తాడు. అక్కడి నుంచి నడిచి వస్తుంటే, గోడకు ఆనించి కట్టిన బోర్డు వీడికి పక్కవాటంగా ఉంటుంది, అక్షరాలు కనబడవు. సరిగ్గా ఎదురుగా వచ్చి తలెత్తితేనే కనబడుతుంది. కాబట్టి మీకు ముందు కావలసింది సైడ్ బోర్డు: గోడ నుంచి రోడ్డు వైపు వచ్చే, రెండువైపులా కనిపించే 2×2 అడుగుల గుండ్రటి లేదా చదరపు పెట్టె. మధ్యలో తెల్లటి పన్ను బొమ్మ, కింద ‘డెంటల్’ అని ఒక్క మాట. నీళ్ల ట్యాంకరు, గడ్డి ట్రాక్టరు తగలకుండా మొదటి అంతస్తు స్లాబు ఎత్తున కట్టాలి. చదువురాని ముసలమ్మకైనా ఆ పన్ను బొమ్మ చాలు. నవ్వుతూ బ్రష్షు పట్టుకున్న పన్ను, కళ్లజోడు పెట్టుకున్న పన్ను, ఇవి మాత్రం వద్దు. ఇంటర్నెట్లో దొరికే ఆ ఒక్క బొమ్మే మన ఊళ్లో ఇప్పటికే చాలా క్లినిక్‌లకు లోగో.

సైడ్ బోర్డు రోడ్డు మీదికి వస్తుంది కాబట్టి కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ వాళ్లను ఒకమాట అడిగి కట్టండి. మీ ముందు కరెంటు తీగలు పోతుంటే ఇంకో జాగ్రత్త. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకు పక్కవైపు కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. కట్టేవాడు పైపు భుజాన వేసుకుని నిచ్చెన మీద తిరిగితే ఆ దూరం ఎంతలో పోతుందో చూసుకోండి. ఆ రోజు లైను ఆపించి పని చేయించడం మేలు.

రెండోచోటు మెట్లు. మొదటి అంతస్తు క్లినిక్‌లన్నిటికీ ఇదే జబ్బు. పైన ధగధగ మెరిసే బోర్డు, కింద మెట్లెక్కడున్నాయో తెలీదు. రెండు షట్టర్ల మధ్య మూడడుగుల సందులో చీకటి మెట్లు, మొదట్లో స్కూటర్లు. పేషెంటు మెడికల్ షాపులోకి పోయి అడుగుతాడు. షాపులో కుర్రాడు బిజీగా ఉంటే చేత్తో పైకి చూపిస్తాడు. మెట్ల మొదట్లో కంటి ఎత్తున 3×2 బోర్డు పెట్టండి, లైటు ఉన్నది. దాని మీద డాక్టరు పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు, టైమింగ్స్, బాణం గుర్తు, ‘మొదటి అంతస్తు’. కింద ఫోన్ నంబరు, పక్కన ‘మెట్లు ఎక్కలేనివారు ఫోన్ చేయండి’ అని. ఈ ఒక్క లైను వల్ల మీకు పెద్దవాళ్లు వస్తారు. మీ అసిస్టెంటు కిందికి దిగి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే చాలు. మలుపు దగ్గర ఇంకో చిన్న బాణం. ఇక్కడ నా సొంత అభిప్రాయం: మెట్ల గోడ మీద స్టిక్కర్లు అంటించకుండా, మంచి ఆర్టిస్టును పిలిచి ఎనామిల్‌తో చేత్తో రాయించండి. సున్నపు గోడ మీద స్టిక్కరు ఏడాది తిరక్కుండానే పెచ్చుతో సహా ఊడుతుంది. మన ఊళ్లో కుంచె పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు పనే తగ్గింది.

ఇప్పుడు అక్షరాల సంగతి కాస్త ఎక్కువే చెప్తాను. డాక్టర్లు బోర్డు సైజు గురించి గంట బేరమాడతారు, అక్షరం సైజు ఒక్కరూ అడగరు.

మా పనిలో పాత లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం ఉంటే హాయిగా చదవొచ్చు. వంద అడుగుల నుంచి కనబడాలంటే పది అంగుళాలు. ఇది ఇంగ్లీషు పెద్దక్షరాలకు సరిపోయే లెక్క. తెలుగుకు సరిపోదు. మన అక్షరానికి పైన గుడి, కొమ్ము, కింద వత్తు ఉంటాయి. ‘క్లినిక్’ అనే మాటే చూడండి. మొదటి అక్షరంలోనే పైన గుడి ఉంది, కింద ల వత్తు ఉంది. ‘పది అంగుళాల అక్షరం’ అని కొటేషన్లో రాసి, పై గుడి కొస నుంచి కింది వత్తు అడుగు వరకు పది కొలిస్తే, అసలు అక్షరం అయిదారు అంగుళాలకు మించదు. కాబట్టి కొటేషన్లో ‘‘ట’ అక్షరం ఎత్తు ఎంత’ అని రాయించుకోండి. ట కి వత్తు లేదు, గుడి లేదు, మోసం లేదు. ఇంకో చిట్కా, పేరు ఇంకా రిజిస్టర్ చేయించకపోతేనే సుమా. ‘డెంటల్ క్లినిక్’ బదులు ‘డెంటల్ కేర్’ అంటే లైనులో కింద వత్తే ఉండదు. అదే పట్టీలో అక్షరం బాగా పెద్దది పడుతుంది.

త్రీడీ అక్షరాల రేటు సాధారణంగా అంగుళానికి ఇంత, అక్షరానికి ఇంత అని కడతారు. తెలుగులో అక్షరం అంటే ఏది లెక్క? ‘క్లి’ ఒకటా రెండా? సున్నా వేరే అక్షరమా? పని అయ్యాక ఈ గొడవ రాకుండా మొత్తం పేరుకు ఇంత అని ముందే ఒక్క అంకె చెప్పించుకోండి.

లైటున్న అక్షరానికి మరీ లావు ఫాంటు వద్దు, మరీ సన్నదీ వద్దు. లావుదైతే రాత్రి వెలుగులో లోపలి ఖాళీలు పూడిపోయి ముద్దవుతుంది. సన్నదైతే లోపల ఎల్ఈడీ మాడ్యూలు, అంటే చిన్న లైటు బిళ్ల, పట్టదు. వత్తులు ఎప్పుడూ అక్షరం కంటే సన్నం కదా, చాలామంది వాటిలో లైటు వేయకుండా వదిలేస్తారు. పగలు బోర్డు బ్రహ్మాండంగా ఉంటుంది, రాత్రి ‘క్లినిక్’ కాస్తా ‘కినిక్’ అయిపోతుంది. మన ఊళ్లో చీకటి పడ్డాక ఒకసారి తిరిగి చూడండి, ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. వత్తులకు సన్న సైజు మాడ్యూళ్లు దొరుకుతాయి, అవి వేయమని అడగండి.

స్పెల్లింగ్ ప్రూఫు కాగితం మీద తీసుకుని సంతకం పెట్టండి. మా డీటీపీ వాళ్లలో చాలామంది ఇప్పటికీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోనే కొడతారు. ఆ ఫైలు ఇంకో సిస్టంలో తెరిస్తే అక్షరాలు చిందరవందర అవుతాయి. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపిన పేరును పాత కోరెల్ డ్రా డిజైన్ సాఫ్ట్‌వేర్లో పేస్టు చేస్తే వత్తులు విడిపోయి అక్షరం పక్కన కూర్చుంటాయి. అందుకే అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అక్కర్లేని గీతల్లోకి, మార్చి పీడీఎఫ్ తీయించి, ఆ పీడీఎఫ్‌నే కటింగ్‌కు పంపించాలి. ఆ పీడీఎఫ్, కోరెల్ ఫైలు రెండూ మీరు తీసి పెట్టుకోండి. రేపు లెటర్ ప్యాడుకు, ప్రిస్క్రిప్షన్‌కు, విజిటింగ్ కార్డుకు అవే కావాలి. డబ్బు మీది, డిజైను మీది.

భాష విషయానికొస్తే, రాష్ట్రంలో 1988 నాటి షాపులు, సంస్థల చట్టం కింద వచ్చిన నియమాల్లో నేమ్ బోర్డు తెలుగులో ఉండాలని, వేరే భాష రాస్తే తెలుగు కింద రాయాలని ఉంది. నియమం సంగతి అటుంచినా, మీ పేషెంట్లు తెలుగువాళ్లు. తెలుగు పెద్దది పైన, ఇంగ్లీషు చిన్నది కింద.

ఏసీపీయా ఫ్లెక్సీయా అన్నది ఇప్పుడు తేలిక. మీ గోడ పడమర ముఖం. మన అనంతపురం ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫ్లెక్సీ మీద ప్రింటు ఎండకు వెలిసేటప్పుడు ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం చివరిదాకా నిలబడుతుంది. పాత ఫ్లెక్సీల మీద నాయకులందరి మొహాలూ నీలంగా మారడానికి కారణం ఇదే, పార్టీతో సంబంధం లేదు. ప్రింటు ఫ్లెక్సీ వేస్తే మీరు మళ్లీ మళ్లీ మార్పించుకోవడానికి సిద్ధపడాలి. పైగా 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించింది. ఆ తర్వాత గడువులు మారాయి, ఊళ్లో ఫ్లెక్సీలు ఆగలేదు, అయినా శాశ్వత బోర్డుకు ఆ సరుకును నేను ఎంచుకోను. ఓపెనింగ్ రోజు బ్యానరుకు గుడ్డ చాలు.

ఏసీపీలో చూడాల్సినవి కొన్నే. బయటికి వాడేది పీవీడీఎఫ్ అనే, ఎండకు తట్టుకునే కోటింగ్ ఉన్న షీటు అయి ఉండాలి. పాలిస్టర్ కోటింగుది లోపలి గోడలకు. ధర తక్కువ చెప్పాడంటే సాధారణంగా రెండోదే. మందం 3 మిల్లీమీటర్లు చాలు. కానీ పైనా కిందా ఉండే అల్యూమినియం పొర ఎంత మందమో అడగండి, అసలు తేడా అక్కడే ఉంటుంది. మధ్యలో ఉండేది ప్లాస్టిక్, అది మండుతుంది. కాబట్టి వైరింగు జాయింట్లు షీటు వెనక వదిలేయకూడదు. నల్ల షీటు ఇప్పుడు ఫ్యాషన్. పడమర గోడకు మాత్రం వద్దు, పెనంలా కాలి వెనక ఉన్న ఎల్ఈడీల ఆయుష్షు తగ్గిస్తుంది.

అక్షరం ముందు పలక పాలరంగు యాక్రిలిక్. అది నిజంగా యాక్రిలిక్కేనా అన్నది చూసుకోండి. చవకరకం పాలిస్టైరీన్ షీటును యాక్రిలిక్ అని అంటగడతారు, రెండు వేసవులకే పసుపు తిరుగుతుంది. పళ్ల డాక్టరు బోర్డు మీద తెల్ల అక్షరాలు పసుపెక్కితే చూసేవాళ్లు ఊరుకుంటారా! యాక్రిలిక్ వేడికి సాగుతుంది కూడా. ఎనిమిది అడుగుల పలక రాత్రికీ మిట్టమధ్యాహ్నానికీ ముప్ఫై డిగ్రీల తేడా వస్తే సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బిగించే రంధ్రాలు కాస్త పెద్దవిగా వేయాలి. స్క్రూ బిర్రుగా బిగిస్తే రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది. సైడ్ బోర్డు పెట్టెకూ ఇదే మాట.

గాలి గురించి వేరేగా చెప్పాలి, మనది గాలి ప్రాంతం. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలికి నిలబడని బోర్డు ఇక్కడ బోర్డు కాదు. లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల గాలి 12×4 పలకను ఎదురుగా కొడితే దాని మీద పడే తోపు సుమారు 75 కిలోలు. వేగం 100కు పోతే 200 కిలోలు దాటుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. అదే 6×2½ పలకకు 100 కిలోమీటర్ల గాలిలోనూ 65 కిలోలే. చిన్న బోర్డు మంచిదనడానికి నాకిది ఇంకో కారణం. ఫ్రేము జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) చదరపు పైపుతో చేయించండి. వెల్డింగు చేసిన చోట జింకు కాలిపోతుంది కాబట్టి అక్కడ ప్రైమరు కొట్టాలి. యాంకర్ బోల్టులు కాంక్రీటు బీములోకో స్లాబు అంచులోకో దిగాలి. పిట్టగోడ ఇటుకల్లోకి దించితే గాలికి ఊగి ఊగి ఇటుకతో సహా ఊడొస్తుంది. పిట్టగోడ పైకి తేలేటట్టు అస్సలు కట్టొద్దు. కింద మెడికల్ షాపు ముందు ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు.

కరెంటు లెక్క చిన్నదే. మీ సైజుకు 1.5 వాట్ల మాడ్యూళ్లు ఓ 60 పడతాయనుకుందాం, 90 వాట్లు. దానికి 12 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టులకు దించే పెట్టె) వేయించండి, 120 వాట్లది. నిండుగా లోడు పెడితే వేడెక్కి త్వరగా పోతుంది, ఇరవై శాతం వదలాలి. రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు 13, 14 యూనిట్లు. ఎస్ఎంపీఎస్‌ను బోర్డు లోపల కాకుండా మీ గది లోపలి గోడకు పెట్టించండి. బోర్డులో ఎక్కువగా పోయేది ఇదే, గదిలో ఉంటే మార్చడానికి నిచ్చెన ఎక్కనక్కర్లేదు. అయితే 12 వోల్టుల వైరు పొడుగు పెరిగితే చివరి అక్షరాలు మసకగా వెలుగుతాయి. 15 అడుగులు దాటనివ్వకండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడమనండి. టైమరు పెట్టించండి, లేకపోతే ఆదివారం రాత్రి క్లినిక్ మూసి ఉన్నా బోర్డు రమ్మని పిలుస్తూనే ఉంటుంది. మెరిసే, పరిగెత్తే లైట్లు వద్దని ఇందాకే చెప్పాను.

రంగు మీ ఇష్టం. కానీ సాయినగర్‌లో సగం బోర్డులు నీలం మీద తెలుపే. మీ సందు ఫోటో తీసి, ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. పక్కవాటి నుంచి మీది విడిగా కనబడాలంటే ముదురా లేతా అన్నది అక్కడే తేలిపోతుంది. ఒక్కటి మాత్రం వద్దు: తెలుపు మీద ఎర్ర ప్లస్ గుర్తు. అది రెడ్‌క్రాస్ చిహ్నం, 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదు, డాక్టర్లయినా సరే. పని తీసుకునేవాడు ఖాళీ కనబడితే చాలు, అలవాటుగా అది పెట్టేస్తాడు. ప్రూఫులోనే తీయించేయండి.

ఇక బోర్డు మీద రాయాలని మీరనుకున్న ‘ఫ్లోరైడ్ మరకలు, రూట్ కెనాల్, క్లిప్పులు, ఇంప్లాంట్లు’ జాబితా. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ మరకలు ఎంత మామూలో మీకే బాగా తెలుసు, ఆ తల్లిదండ్రులకు చెప్పాలన్న మీ ఆలోచన మంచిదే. కానీ దాని చోటు బయటి గోడ కాదు, వెయిటింగ్ హాలు. అక్కడ మనిషి అరగంట ఖాళీగా కూర్చుంటాడు, ప్రతి అక్షరం చదువుతాడు. ఆ గోడకు మంచి తెలుగులో, పెద్ద అక్షరాలతో, చికిత్స ఏంటో దాని ఫీజు ఎంతో రాసి పెట్టండి.

లోపల చట్టం అడిగే బోర్డులు కొన్ని ఉన్నాయి, వాటిని చివరి నిమిషానికి వదలొద్దు. ప్రైవేటు వైద్య సంస్థల మీద వచ్చిన 2002 నాటి రాష్ట్ర చట్టం కింద డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి) ఆఫీసు ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు కనబడేచోట ఉంచండి. ఎక్స్‌రే ఉంటే ఆ చోట రేడియేషన్ గుర్తు, తెలుగులో హెచ్చరిక, గర్భిణులు ముందే చెప్పాలన్న మాట. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం చెత్తడబ్బాల పైన దేనిలో ఏం వేయాలో. పొగ తాగరాదన్న బోర్డుకు కొలత ఉంది, 60×30 సెంటీమీటర్లు, తెల్ల నేపథ్యం. ఇవన్నీ ఒకే ఫాంటులో, ఒకే రంగులో, తేలికైన ప్లాస్టిక్ సన్‌బోర్డు మీద ఒకేసారి చేయించుకుంటే ఖర్చు పెద్దగా ఉండదు, చూడటానికీ పద్ధతిగా ఉంటుంది. ఇంకోటి, ఇది ఏ చట్టంలోనూ లేదు. మీ కుర్చీలో పడుకున్న మనిషికి కనబడేది సీలింగు ఒక్కటే. అక్కడ ఏదైనా మంచి బొమ్మ పెట్టండి. పెన్న అహోబిలం కొండో, లేపాక్షి బసవన్నో. పిల్లలు కాస్త కదలకుండా ఉంటారు.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. సగం అడ్వాన్సు, బిగించాక ఇంకొంత, చివరి భాగం ఒక గాలివాన చూశాక. ఇలా అడిగితే మాలో కొందరికి కోపం వస్తుంది, పని మీద నమ్మకం ఉన్నవాడు ఒప్పుకుంటాడు. కొటేషన్లో ఫ్రేము పైపు గేజి (మందం), షీటు కోటింగు, ఎల్ఈడీ వాట్లు, ఎస్ఎంపీఎస్ కంపెనీ, ఎన్నాళ్లు గ్యారంటీ, నిచ్చెన కూలీ ఎవరిదన్నది రాసి ఉండాలి.

కటింగుకు ఇచ్చేముందు ఒక పని చేయండి. బోర్డు డిజైనును నల్లతెలుపులో అసలు సైజుకు కాగితాల మీద ప్రింటు తీయించి, అట్టకు అంటించి, ఒకరోజు ఆ గోడకు కట్టి చూడండి. సందు మొదటి నుంచి, ఎదురు డాబా నుంచి, ఆటోలో కూర్చుని చూడండి. కానుగ చెట్టు కొమ్మ అడ్డం వస్తోందా, కింద షాపు ఎండతెర దింపితే మెట్ల బోర్డు కనబడుతోందా, సాయంత్రం ఎండ ఎదురుగా కొడుతుంటే చదవగలుగుతున్నామా, అన్నీ అప్పుడే బయటపడతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లనెవరినైనా కళ్లజోడు లేకుండా తీసుకొచ్చి చదివించండి.

ఆ ఫోటోలు ఇక్కడ పెడితే చూసి చెప్తాను. సాయంత్రం అయిదింటికి ఒకటి, దీపాలు పెట్టాక ఒకటి, గోడ కింద ఎవరినైనా నిలబెట్టి తీయండి, ఎత్తు అంచనా దొరుకుతుంది. మెట్ల గోడది కూడా పెట్టండి. దాని వెడల్పు మూడడుగులు ఉందో లేదో మీరు రాయలేదు.